పావులూరి మల్లన పద్యంలో 20 అంకెల సంఖ్య

చదరంగపు బల్లపై మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో 2, మూడో గడిలో 4, ఇలా రెట్టిస్తూ పోతే 64 గళ్లలో చేరే మొత్తం 1,84,46,74,40,73,70,95,51,615. ఈ సంఖ్యను తెలుగులో ఒకే చంపకమాల పద్యంలో పొదిగిన కవి పావులూరి మల్లన. 9వ శతాబ్దికి చెందిన మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని ‘సారసంగ్రహ గణితము’గా తెలుగు చేసిన ఈయనను 11వ శతాబ్దపు కవిగా పరిగణిస్తారు.

పద్యంలో అంకెలు కనిపించవు. వాటికి బదులు భూతసంఖ్యలు, అనగా అంకెలను సూచించే పదాలు ఉంటాయి. మన్మథుని బాణాలు ఐదు గనుక శరమంటే 5, దేహంలోని రంధ్రాలను బట్టి రంధ్రమంటే 9, దిగ్గజాలను బట్టి ఏనుగు 8, ఆకాశం సున్న. వీటిని కుడి నుంచి ఎడమకు పేర్చుకోవాలి. అందుకే శరంతో మొదలయ్యే వరుస చంద్రునితో, అనగా 1తో, ముగుస్తుంది. ఈ పద్ధతి వల్ల గొప్ప మేలు ఒకటుంది. తాళపత్రంపై అంకెల వరుసను ఎత్తి రాసేవారు ఒక అంకెను జారవిడిస్తే తప్పు బయటపడదు. పద్యంలో ఒక పదం జారితే గణమో యతియో తప్పి చెవికి తెలిసిపోతుంది.

లెక్క కోసం 63 సార్లు రెట్టించనవసరం లేదు. 2ను వర్గం చేస్తే 4, దాని వర్గం 16, ఆపై 256, 65,536, 4,29,49,67,296. దీని వర్గంలో ఒకటి తీసివేస్తే మల్లన సంఖ్య వస్తుంది. 64వ గడిలోని గింజలు మిగిలిన 63 గళ్ల మొత్తం కన్నా సరిగ్గా ఒక్కటే ఎక్కువ.

ఒక్కో బియ్యపు గింజ 20 మిల్లీగ్రాములనుకుంటే మొత్తం బరువు దాదాపు 36,900 కోట్ల టన్నులు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలను ఆనుకుని ఛత్తీస్‌గఢ్ దక్షిణపు కొసన ఉన్న సుక్మా జిల్లా విస్తీర్ణం 5,600 చదరపు కిలోమీటర్లకు పైమాటే. ఆ జిల్లా అంతటా, అడవులూ శబరి నదీ తీరమూ కలుపుకొని, ఈ బియ్యాన్ని సమంగా పరిస్తే రాశి ఎత్తు సుమారు 80 మీటర్లు ఉంటుంది. దేశంలో 2023–24లో పండిన ఆహార ధాన్యాలన్నీ కలిపి 33 కోట్ల టన్నులు.

ఈ సంఖ్యను కారణాంకాలుగా విడగొడితే 3, 5, 17, 257, 65,537, 4,29,49,67,297 వస్తాయి. ఇవి ఫ్రెంచి గణితవేత్త ఫెర్మా పేరిట ప్రసిద్ధమైన సంఖ్యలు. ఆ వరుసలోనివన్నీ ప్రధాన సంఖ్యలేనని ఆయన నమ్మాడు. మొదటి ఐదింటి విషయంలో అది నిజమే. ఆరోది 641 × 67,00,417 అని ఆయిలర్ 1732లో తేల్చడంతో ఆ నమ్మకం వీగిపోయింది.

నేటి 64 బిట్ల కంప్యూటర్ ఒక గడిలో దాచగల, రుణ గుర్తు లేని అతిపెద్ద పూర్ణాంకం కూడా ఇదే. అప్పుడు 64 స్థానాల్లోనూ 1 ఉంటుంది. దానికి మరొకటి కలిపితే అన్నీ సున్నలవుతాయి.