రాజా ఓడలో కుట్టు క్లాసు

“అతుకుల బొంత” అనేది మన భాషలో ఒక ఎత్తిపొడుపు. కథ సరిగ్గా కుదరకపోయినా, నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేసినా ఆ మాటే అనేస్తాం. పాత చీరలు పరచి, మడతలు సర్ది, కళ్ళు చికిలించుకుంటూ బొంతలు కుట్టిన మన అమ్మమ్మలు వింటే ఏమనుకునేవారో! ఇప్పుడదే పనికి క్విల్టింగ్ అని పేరుపెట్టి, ఫీజు పుచ్చుకుని నేర్పుతున్నారు. సంతోషమే. అయితే ఈ విద్య నేర్పిన తరగతులన్నిటిలోకీ నాకు విచిత్రంగా తోచింది 1841లో నడిసముద్రం మీద జరిగింది. అందులో విద్యార్థినులు ఖైదీలు.

ఆ రోజుల్లో ఇంగ్లండులో చిన్న దొంగతనానికి కూడా మనిషిని దేశం దాటించేవారు. ఆ ఏడు ఏప్రిల్ 5న 180 మంది ఖైదీ స్త్రీలతో వూలిచ్ రేవు నుంచి ఓ ఓడ కదిలింది. ఓడ పేరు చూడండి, రాజా! వెళ్ళేది ఇప్పుడు టాస్మానియా అంటున్న దీవికి. జూలై 19న హోబార్ట్ చేరేదాకా, మూడున్నర నెలలు చుట్టూ నీళ్ళే. శిక్ష ఏడేళ్ళే అయినా తిరుగు ప్రయాణానికి డబ్బెక్కడిది? చాలామందికి అది పుట్టిన గడ్డను చివరిసారి చూడడమే.

ఇలాంటివారిని పట్టించుకున్న మహాతల్లి ఎలిజబెత్ ఫ్రై. లండన్‌లోని న్యూగేట్ జైల్లో పసిపిల్లలతో సహా మగ్గుతున్న ఆడవాళ్ళను చూసి, 1817లో కొందరు స్త్రీలను కూడగట్టి ఒక సంఘం పెట్టింది. జైల్లో చదువూ కుట్టూ నేర్పించింది. ఓడ ఎక్కేవారికి సంఘం తరఫున తలా ఒక సంచీ ఇచ్చేవారు. అందులో బైబిలు, వంద సూదులు, గుండుసూదులు, కత్తెర, రంగురంగుల దారాలు, రెండు పౌన్ల గుడ్డపేలికలు ఉండేవి. గుడ్డపేలికలే ఎందుకంటే, అవి చౌక. పైగా ఒళ్ళో పెట్టుకుని ఎక్కడైనా కుట్టుకోవచ్చు.

రాజా ఓడలో వీళ్ళ బాగోగులు చూడడానికి కెజియా హేటర్ అనే యువతి వెళ్ళింది. కుట్టుపని ఆమె చేతిమీదుగానే సాగిందని చరిత్రకారులు భావిస్తారు. నవలలు రాసేదాన్ని గనక ఇంకో ముక్క చెప్పకుండా ఉండలేను. ఆ ప్రయాణంలోనే ఆమెకూ ఓడ కెప్టెను ఫెర్గూసన్‌కూ మనసులు కలిసి, తర్వాత పెళ్ళయింది.

ఆ ఓడలో తయారైంది దూది పెట్టిన బొంత కాదు, అతుకుల దుప్పటి. మూడు మీటర్ల పైచిలుకు పొడవూ, అంతే వెడల్పూ. మొత్తం 2815 ముక్కలు! నడిమధ్యన అచ్చుగుడ్డల్లోంచి కత్తిరించి కుట్టిన పూలూ పిట్టలూ. వాటి చుట్టూ పన్నెండు వరసల అతుకులు.

ఈ పూలపిట్టల పనికి మన బందరుతో చుట్టరికం ఉందండోయ్! 17వ శతాబ్దంలో మచిలీపట్నం రేవులో ఓడలెక్కిన మన చీటిగుడ్డలంటే ఇంగ్లీషు ఆడవాళ్ళు పడిచచ్చేవారు. అక్కడి నేతగాళ్ళు గగ్గోలు పెడితే, 1721లో ఇలాంటి అద్దకం నూలు గుడ్డలు కట్టుకోవడాన్నే చట్టం చేసి ఆపారు. 1774 దాకా ఆ చట్టం నడిచింది. 1841 నాటికి అలాంటి అచ్చుగుడ్డలు ఇంగ్లండు మిల్లుల్లోనే దండిగా తయారయ్యేవి. పూల పోకడ మాత్రం ఇటునుంచి వెళ్ళిందే.

దుప్పటి అంచున పట్టుదారంతో, సన్నని క్రాస్‌స్టిచ్‌లో కొన్ని మాటలు కుట్టారు. దొరసానులు చేసిన మేలుకు కృతజ్ఞతలనీ, కష్టపడి పనిచెయ్యమన్న వారి హితవు మరవలేదనీ వాటి సారాంశం. చదివితే నాకు మాత్రం పిల్లలచేత పంతులుగారు అప్పజెప్పించిన పాఠంలా అనిపిస్తుంది. ఇల్లూ వాకిలీ వదిలి పోతున్నవాళ్ళు తమంతట తాము రాసుకుంటే అదే రాసేవారా? వాళ్ళ సంగతి చెప్పేవి కుట్లే. కొన్నిచోట్ల చెయ్యి తిరిగిన పనితనం, కొన్నిచోట్ల అప్పుడే సూది పట్టిన తడబాటు. పనిరాని చేతిని పక్కకు నెట్టకుండా అందరూ కలిసి కుట్టినట్టుంది. దొరసానులు బుద్ధి నేర్పామనుకున్నారు, వీళ్ళు బతుకుతెరువు నేర్చుకున్నారు. అంతకుముందు వెళ్ళిన ఓడల్లోని కొందరు తాము కుట్టినవి దారిలో రియో డి జనీరో రేవులో అమ్ముకున్నారు కూడా!

ఆ తర్వాత దుప్పటి ఏళ్ళ తరబడి అజ్ఞాతవాసం చేసింది. 1980లలో స్కాట్లండులో ఓ ఇంటి అటకమీద దొరికింది. 1989 నుంచి కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియా జాతీయ చిత్రశాలలో ఉంది. ముక్కలన్నీ లెక్కపెట్టారు. ఓడలో వెళ్ళిన ఆడవాళ్ళ పేర్లు ప్రభుత్వ దస్తరాల్లో నేరాలతో సహా భద్రంగా ఉన్నాయి. దుప్పటి మీద మాత్రం కుట్టినవాళ్ళ పేరు ఒక్కటీ లేదు.

అందుకే, మీలో ఎవరైనా బొంత కుట్టడం నేర్చుకుంటుంటే ఒక్క మాట వినండి. పని పూర్తయ్యాక ఓ మూల మీ పేరూ సంవత్సరమూ కూడా కుట్టండి. గొప్ప అనుకుంటారని సిగ్గుపడకండి. సత్రం కట్టించినవాళ్ళు గోడమీద పేరు చెక్కించుకోవడం లేదూ!