పశ్చిమ గోదావరి చూపు: ఒక ప్రచురణ చరిత్రలో జిల్లా, లెక్క, పదం

ఉపోద్ఘాతం

జిల్లా చరిత్ర రాసేవారు శాసనాలు, కైఫియతులు, గెజిటీర్లు, రెవెన్యూ దస్త్రాలు చూస్తారు. వైద్య పరిశోధన పత్రాల జోలికి సాధారణంగా పోరు. అవి ఆంగ్లంలో, పట్టికల రూపంలో, వైద్యుల కోసం రాసినవి కావడం అందుకు ఒక కారణం కావచ్చు. అయితే 1990ల చివరి నాటి పశ్చిమ గోదావరి పల్లెల గురించి కొన్ని విషయాలు ఆ పట్టికలలో తప్ప మరెక్కడా నమోదు కాలేదు. ప్రజారోగ్య పరిశోధకురాలు రాఖీ దండోనా ప్రచురణలలో కంటిచూపుకు, వైకల్యానికి సంబంధించిన కొన్నింటిని చారిత్రక ఆధారాలుగా చదివే ప్రయత్నం ఈ వ్యాసం. వాటి వైద్య విలువను నిర్ణయించడం దీని పని కాదు. ఆ పత్రాలలో మన జిల్లా ఎలా కనిపిస్తుంది, ఎక్కడ కనుమరుగవుతుంది, ప్రభుత్వ లెక్కలకు వాటికి ఎందుకు పొత్తు కుదరదు అన్నవే ఇక్కడి ప్రశ్నలు.

రూపకల్పన పత్రం

గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో హైదరాబాదులో స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ, ఆ దశాబ్దం గడిచేలోపు ఆసుపత్రి గోడలు దాటి జనంలోకి వెళ్ళే ఒక పెద్ద సర్వేను తలపెట్టింది. అదే ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనం. ఆసుపత్రికి వచ్చిన రోగులను లెక్కిస్తే రాగలిగినవారి సంగతే తెలుస్తుంది. రాలేనివారి సంగతి తెలియాలంటే ఊళ్ళోకి వెళ్ళాలి. ఈ సర్వే ఎలా చేయాలో వివరించే పత్రం 1997లో ఇండియన్ జర్నల్ ఆఫ్ ఆఫ్తాల్మాలజీలో వెలువడింది. దాని ప్రథమ రచయిత్రి రాఖీ దండోనా. సహరచయితలలో లలిత్ దండోనా ఉన్నారు.

ఆ ప్రణాళిక ప్రకారం నాలుగు ప్రాంతాలను ఎంచుకున్నారు. పట్టణ జీవితానికి హైదరాబాదు, వెనుకబడిన పల్లెకు ఆదిలాబాద్, మహబూబ్‌నగర్, కలిగిన పల్లెకు పశ్చిమ గోదావరి. 1996 అక్టోబరు నుంచి 2000 ఫిబ్రవరి దాకా సాగిన ఈ సర్వేలో మొత్తం 94 జనసమూహాలు ఉన్నాయి. వాటిలో 24 హైదరాబాదువి, 70 గ్రామాలవి. అర్హులైన 11,786 మందిలో 10,293 మందిని, అంటే 87.3 శాతాన్ని పరీక్షించారు. ఇంత మందిని పరీక్షకు ఒప్పించడం ఎంత కష్టమో క్షేత్ర పర్యటన చేసిన ఏ పరిశోధకుడికైనా తెలుసు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. పశ్చిమ గోదావరి ఈ అధ్యయనంలోకి వచ్చింది తన పేరు మీద కాదు, ‘సంపన్న గ్రామీణ ప్రాంతం’ అనే ఒక కోవకు ప్రతినిధిగా. కాలువ కింది వరిపొలాన్ని, మెట్టప్రాంతపు పొగాకు తోటను, కొల్లేటి లంక గ్రామాన్ని ఒకే విశేషణం కింద పెట్టడం సర్వేకు అవసరమై ఉండవచ్చు. జిల్లా తెలిసినవారికి మాత్రం అది మింగుడుపడదు. కొల్లేటి నడుమ చేపల మీద బతికే కుటుంబం సంపన్న గ్రామీణం ఎలా అవుతుంది? పట్టణ నమూనా హైదరాబాదు నుంచే తీసుకున్నారు గనుక ఏలూరు, తాడేపల్లిగూడెం పట్టణవాసులకు ఈ లెక్కలో వేరే స్థానం లేదు. గణితరీత్యా వారికి బదులు చెప్పినవాడు హైదరాబాదు నగరవాసి.

ఏ ఆంధ్రప్రదేశ్? ఏ పశ్చిమ గోదావరి?

హైదరాబాదు ఫలితాలు 1998లో లాన్సెట్‌లో వచ్చాయి. ఆ భాగంలో పరీక్షించినవారు 2,522 మంది. నాలుగు ప్రాంతాల ఫలితాలను కలిపి, వయసు, లింగం, పట్టణ–గ్రామీణ నిష్పత్తులకు సరిచేసి వేసిన అంచనా 2001లో వెలువడింది. దాని ప్రకారం రాష్ట్ర జనాభాలో 1.84 శాతం మంది అంధులు. అదే సంవత్సరం రాఖీ దండోనా, లలిత్ దండోనా ఈ అధ్యయన ఫలితాలన్నింటినీ ఒకచోట చేర్చి, విధానపరంగా వాటి అర్థమేమిటో చెప్పే సమీక్షా పత్రాన్ని ఇండియన్ జర్నల్ ఆఫ్ ఆఫ్తాల్మాలజీలో ప్రచురించారు. తరువాతివారు ఎక్కువగా ఉదాహరించేది ఇలాంటి సమీక్షలనే.

ఆ ఉదాహరణలలో ఒక చిక్కుంది. 1.84 శాతం ఏ ఆంధ్రప్రదేశ్‌ది? ఆదిలాబాద్, మహబూబ్‌నగర్, హైదరాబాదు ఇప్పుడు తెలంగాణలో ఉన్నాయి. నాలుగింట మూడు ప్రాంతాలు 2014 జూన్ 2 తరువాత వేరే రాష్ట్రానివి అయ్యాయి. కాబట్టి ఆ సంఖ్య నేటి ఏ రాష్ట్రానికీ చెందదు. ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌కు దానిని అన్వయించే సిద్ధాంతగ్రంథాలు ఈ సంగతిని గుర్తించాలి.

జిల్లా పేరుదీ అదే కథ. 1925లో ఏలూరు కేంద్రంగా ఏర్పడిన పశ్చిమ గోదావరి, 2022 ఏప్రిల్ 4న విడిపోయింది. ఏలూరు వేరే జిల్లా అయింది. భీమవరం కేంద్రంగా మిగిలిన భాగానికి పాత పేరు దక్కింది, తాడేపల్లిగూడెం అందులోనే ఉంది. 1997 పత్రంలోని పశ్చిమ గోదావరిలో ఏలూరు ఉంది, నేటి దానిలో లేదు. కొల్లేరు సంగతి ఇంకా విచిత్రం. ఆనాడు సరస్సు కృష్ణా, పశ్చిమ గోదావరి జిల్లాల మధ్య చీలి ఉండేది. కైకలూరు వైపు కొల్లేరు ఈ సర్వే పరిధిలోకే రాదు. ఆ ప్రాంతం ఏలూరు జిల్లాలో చేరింది 2022లో. భౌగోళికంగా ఒకటే అయిన జనం ఒక గట్టున నమూనాలో పడే అవకాశం ఉన్నవారుగా, మరో గట్టున ఆ అవకాశమే లేనివారుగా మిగిలారు.

పద్నాలుగు లక్షలు, ఆరు లక్షలకు లోపు

ఇప్పుడు ఈ అధ్యయనాన్ని ఇంచుమించు అదే కాలానికి చెందిన 2001 జనగణన పక్కన పెట్టి చూద్దాం. ఆనాటి రాష్ట్ర జనాభా 7.62 కోట్లు. 1.84 శాతం చొప్పున అంధుల సంఖ్య సుమారు 14 లక్షలు. అధ్యయనం ఇచ్చిన కనిష్ఠ అవధి 1.49 శాతాన్ని తీసుకున్నా అది 11 లక్షలు దాటుతుంది. అదే జనగణన రాష్ట్రంలో చూపు సంబంధమైన వైకల్యం ఉన్నవారిని 5,81,587 మందిగా లెక్కించింది. చూపు, వినికిడి, మాట, కదలిక, మనసు, అన్నీ కలిపి జనగణన చూసిన మొత్తం వికలాంగులు 13,64,981 మంది. ఒక్క అంధత్వానికి సర్వే చెప్పిన సంఖ్య, అన్ని వైకల్యాలకు జనగణన చెప్పిన సంఖ్య కంటే పెద్దది!

ఇంత తేడా ఎందుకు వచ్చింది? సర్వే బృందం కన్ను పరీక్షించింది. ఉన్న కళ్ళజోడుతో, అది లేకపోతే లేకుండానే, మెరుగైన కంటిలో చూపు 6/60 కన్నా తక్కువ ఉంటే, లేదా కేంద్ర దృష్టిక్షేత్రం 20 డిగ్రీల కన్నా తక్కువ ఉంటే అంధత్వంగా రాసుకుంది. జనగణన ఉద్యోగి ఇంటి గడపలో నిలబడి ప్రశ్న అడిగాడు. సర్వే కనుగొన్న అంధత్వంలో 44 శాతానికి కారణం శుక్లం, 16.3 శాతానికి కారణం సరైన కళ్ళజోడు లేకపోవడం. రెండూ కలిపి 60.3 శాతం తేలికగా సరిచేయదగినవి. 14 లక్షలలో ఆ వాటా తీసివేస్తే మిగిలేది సుమారు 5.6 లక్షలు. జనగణన చెప్పిన 5.8 లక్షలకు ఇది ఆశ్చర్యం కలిగించేంత దగ్గర. వారూ వీరూ ఒకే మనుషులని దీనితో రుజువు కాదు, సామీప్యం యాదృచ్ఛికం కావచ్చు. కానీ బాగుపడే అంధత్వాన్ని ఇంటివారు వైకల్యంగా చెప్పలేదన్న అనుమానానికి మాత్రం ఇది బలమిస్తుంది.

2011 జనగణన మరో చిత్రం చూపింది. రాష్ట్రంలో మొత్తం వికలాంగుల సంఖ్య 22,66,607కు పెరిగింది. చూపు వైకల్యం మాత్రం 3,98,144కు తగ్గింది. వినికిడి లోపం 73,373 నుంచి 3,34,292కు ఎగబాకింది. పదేళ్ళలో ఒక రాష్ట్రపు చెవులు నాలుగు రెట్లు పాడైపోవు. మారింది వర్గీకరణ. 2001లో అయిదు రకాల వైకల్యాలను అడిగిన జనగణన 2011లో ఎనిమిదింటిని అడిగింది. 2016 చట్టం వాటిని 21 చేసింది. అంధత్వ నిర్వచనమే 2017లో 6/60 నుంచి 3/60కి మారింది. అంటే ఎవరికీ చూపు రాకుండానే అంధుల సంఖ్య తగ్గింది. రాఖీ దండోనా ప్రథమ రచయిత్రిగా 2019లో ప్లాస్ వన్‌లో వచ్చిన పత్రం సరిగ్గా ఈ సమస్యనే తీసుకుంది. భారతదేశపు వైకల్య అంచనాల పరిమితులేమిటి, ఇకపై దారి ఏది అన్నది దాని విషయం. 1997లో ఊరూరా కళ్ళు పరీక్షించే ప్రణాళిక రాసిన వ్యక్తి, రెండు దశాబ్దాల తరువాత లెక్కించే పద్ధతినే ప్రశ్నకు పెట్టడం ఈ ప్రచురణ చరిత్రలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోస్తుంది.

ప్రశ్న ఏ తెలుగులో అడిగారు?

తెలుగు శాఖల్లో పనిచేసేవారికి ఇందులో పని ఉంది. జనగణన ప్రశ్నకు జవాబు తెలుగులో వస్తుంది. గోదావరి పల్లెలో చూపు తగ్గడాన్ని చెప్పే మాటలు ఒకటీ రెండూ కావు. చూపు ఆనడం లేదు, మసకగా ఉంది, పొర కమ్మింది, శుక్లాలు ముదిరాయి, చత్వారం వచ్చింది, రేచీకటి. వీటిలో ఏ ఒక్కటీ ‘అంధత్వం’తో సమానం కాదు. చత్వారం నలభై దాటినవారికి సహజంగా వచ్చే దగ్గరిచూపు ఇబ్బంది. వాడుకలో మాత్రం పెద్దవయసులో వచ్చే ఏ చూపు లోపాన్నయినా ఆ మాట కప్పేస్తుంది. ఇంట్లో వికలాంగులు ఎవరైనా ఉన్నారా అని అడిగితే, గోడ పట్టుకుని నడిచే నాయనమ్మ ఎవరికీ గుర్తుకు రాదు. ఆమెకు వచ్చింది ముసలితనమని ఇంటివారి లెక్క. ‘గుడ్డి’ అన్న మాట తిట్టుగా మారింది గనుక, కన్నతల్లి గురించి ఆ మాట ఎవరూ నోట రానివ్వరు.

అధికార పదాలూ నిలకడగా లేవు. వికలాంగులు, విభిన్న ప్రతిభావంతులు, దివ్యాంగులు అంటూ మాటలు మారాయి. ప్రజల నోట ఇప్పుడు స్థిరపడింది మరొకటి: సదరం. ధ్రువపత్రం జారీ కోసం రూపొందించిన ఒక సాఫ్ట్‌వేర్ ఆంగ్ల నామపు పొడి అక్షరాల నుంచి పుట్టిన ఈ పదం, ‘ఆయనకు సదరం వచ్చిందా?’ అనే వాక్యంగా ఊళ్ళల్లో తిరుగుతోంది. పింఛనుకు నలభై శాతం గీత ఉన్నందువల్ల వైకల్యం ఒక శాతంగా, ఒక కాగితంగా జనభాషలోకి వచ్చింది. పింఛనుతో ముడిపడిన ప్రశ్నకు వచ్చే జవాబు, ముడిపడని ప్రశ్నకు వచ్చే జవాబు ఒకటిగా ఉండవు. 2001, 2011 సంఖ్యలను పోల్చేవారు ఈ భాషా చరిత్రను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఈ అధ్యయనం గ్రామీణ భాగంలో పరీక్షించిన 7,771 మందిని పరిశోధకులు 2009–10లో మళ్ళీ వెతికారు. 2013లో ప్లాస్ వన్‌లో వచ్చిన పత్రం శుక్లానికి, చూపు లోపానికి, మరణానికి ఉన్న సంబంధాన్ని పరిశీలించింది. మొదటి విడత వివరాలు ఇచ్చిన పశ్చిమ గోదావరి పల్లెవాసులలో కొందరు ఈ రెండో విడతకు మృతుల వరుసలో చేరారు. వారి పేర్లు పత్రాలలో ఉండవు, పరిశోధన నీతి ప్రకారం ఉండకూడదు కూడా. కానీ 1996–2000 నడుమ ఆ ఇళ్ళలో అడిగిన ప్రశ్నలకు వారు చెప్పిన జవాబులు తెలుగువి. ఆ ప్రశ్నావళుల తెలుగు ప్రతులను, జనగణన ఉద్యోగులకు ఇచ్చిన తెలుగు సూచనల పుస్తకాలను పక్కపక్కన పెట్టి, ‘చూపు’ను ఏ మాటతో అడిగారో పరిశీలించడం ఒక పరిశోధకుడు ఏడాదిలో పూర్తి చేయగల పని. కొత్త జనగణన ప్రశ్నలు గడపల్లోకి వెళ్ళేలోపు అది జరిగితే బాగుండును.