వైఫై కాల్‌లో 112: ఫోన్ కలుస్తుంది, చిరునామా మాత్రం మనమే చెప్పాలి

దక్షిణ అండమాన్‌లోని చౌల్దారీ వంటి గ్రామాల్లో కొండలు, అడవి, కాంక్రీటు గోడలు మొబైల్ సిగ్నల్‌ను అడ్డగించే చోట వైఫై కాలింగ్ అక్కరకు వస్తుంది. ఎయిర్‌టెల్ 2019 డిసెంబరులో, జియో 2020 జనవరిలో ఈ సేవను దేశంలో ప్రారంభించాయి. దాదాపు 2,300 కిలోమీటర్ల చెన్నై-అండమాన్ సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టు 10న ప్రారంభమయ్యాక ద్వీపాల్లో బ్రాడ్‌బ్యాండ్ వేగం పెరిగింది. అయితే అత్యవసర సంఖ్య 112కు చేసే కాల్ సాధారణ కాల్ వంటిది కాదు.

112 నొక్కగానే ఫోన్ మొదట వైఫైని పక్కనబెట్టి టవర్ కోసం వెతుకుతుంది. సొంత ఆపరేటర్ సిగ్నల్ లేకున్నా, అందుబాటులో ఉన్న మరో ఆపరేటర్ టవర్ ద్వారా కాల్ కలిపేందుకు ప్రయత్నిస్తుంది. ఏ టవరూ దొరకనప్పుడే వైఫై వైపు మళ్లుతుంది. అదీ ఫోన్, ఆపరేటర్ రెండూ ఆ సదుపాయాన్ని కల్పించి ఉంటేనే. 112ను ఫోన్ తనంతట తానే అత్యవసర సంఖ్యగా గుర్తిస్తుంది. 108 వంటి వాటిని మామూలు కాల్‌గా పరిగణించే అవకాశం ఉంది. వాట్సాప్ కాల్‌ను వైఫై కాలింగ్‌గా భావించే వారు చాలామందే ఉన్నారు. వాట్సాప్ నుంచి 112కు కాల్ చేయడం కుదరదు.

అసలు చిక్కు స్థల నిర్ధారణలో ఉంది. టవర్ ద్వారా వెళ్లే కాల్‌తో పాటు ఆ టవర్ పరిధి కూడా తెలుస్తుంది. వైఫై కాల్ మాత్రం సంకేతలిపిలోకి మారి, ఇంటర్నెట్ మీదుగా ఆపరేటర్ ప్రవేశద్వారానికి చేరుతుంది. ఆ ద్వారం సముద్రం అవతల, వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్నా ఆశ్చర్యం లేదు. రూటర్ ఏ ఇంట్లో ఉందో నెట్‌వర్క్‌కు దానంతట అదే తెలియదు. ఫోన్‌లోని జీపీఎస్ సమాచారం అందితే సరి, లేకుంటే కాల్ చేసినవారి మాటే ఆధారం. అమెరికాలో వైఫై కాలింగ్ ప్రారంభించేటప్పుడే అత్యవసర చిరునామా నమోదు చేయమని ఫోన్ అడగడానికి కారణం ఇదే.

2011 జనగణన ప్రకారం ఈ ద్వీపాల్లో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. ఫోన్ ఎత్తేవారికి తెలుగు రాకపోవచ్చు. ఆందోళనలో పరభాషలో చిరునామా చెప్పడం తేలిక కాదు. పైగా పోర్ట్ బ్లెయిర్ పేరు 2024 సెప్టెంబరులో శ్రీ విజయ పురంగా మారినా పాత పేరూ వాడుకలో ఉంది. అందుకే నగరం పేరుతో ఆగకుండా ముందు గ్రామం పేరు, తర్వాత దగ్గరి బడి లేదా గుడి, ఆపై సమస్య చెప్పడం మేలు. ఆ రెండు మూడు వాక్యాలను హిందీలో రాసి గోడకు అంటిస్తే ఇంట్లో పిల్లలైనా చదివి చెప్పగలరు.

కరెంటు పోతే రూటర్ ఆగిపోతుంది, దానితో వైఫై కాలూ పోతుంది. టవర్లకు సాధారణంగా బ్యాటరీలు ఉంటాయి. ఇళ్లలోని రూటర్లకు చాలాచోట్ల ఉండవు. తుపాను రాత్రి సిగ్నల్ దొరికే మిట్ట ఎక్కడుందో ఇంటిల్లిపాదికీ ముందే తెలిసి ఉండాలి.