మార్కుస్ ఇమ్‌హోఫ్: మూసిన సరిహద్దును తెరపై చూపిన స్విస్ దర్శకుడు

మార్కుస్ ఇమ్‌హోఫ్ 1941 సెప్టెంబరు 19న స్విట్జర్లాండులోని వింటర్‌టూర్ నగరమున జన్మించారు. జూరిక్ విశ్వవిద్యాలయములో జర్మన్ సాహిత్యము, చరిత్ర అభ్యసించి, పిదప అదే నగరములో చలనచిత్ర విద్య నేర్చారు. జైలు జీవితముపై 1968లో తీసిన 'రోండో' అను లఘుచిత్రము నిషేధమునకు గురియైనది. 1974లో తొలి కథాచిత్రము 'ఫ్లుఖ్ట్‌గెఫార్' వెలువడినది.

ఆయనకు దేశాంతర ఖ్యాతి తెచ్చినది 1981 నాటి 'దాస్ బోట్ ఇస్ట్ ఫోల్'. పేరునకు 'పడవ నిండిపోయినది' అని అర్థము. ఆ పేరు వెనుక ఒక చరిత్ర కలదు. రెండవ ప్రపంచ యుద్ధకాలములో, 1942 ఆగస్టులో, స్విస్ ప్రభుత్వము శరణార్థులకు సరిహద్దు మూసివేసినది. యూదులగుట వలన మాత్రమే పారిపోయి వచ్చినవారు రాజకీయ శరణార్థులు కారని అధికారులు నిర్ణయించిరి. ఆ నెలలోనే మంత్రి ఎడువార్డ్ ఫాన్ స్టైగర్ తమ దేశమును క్రిక్కిరిసిన చిన్న ప్రాణరక్షక పడవతో పోల్చెను. పాత్రికేయుడు ఆల్ఫ్రెడ్ హేస్లర్ 1967లో ఈ ఉదంతముపై అదే పేరుతో గ్రంథము ప్రచురించెను. ఇమ్‌హోఫ్ చిత్రమునకు ఆధారము అదియే.

కథ ఒక సరిహద్దు గ్రామములో జరుగును. ఒకే కుటుంబమునకు చెందని కొందరు జర్మనీ నుండి తప్పించుకొని వచ్చి, ఒక పూటకూళ్ల ఇంట తలదాచుకొందురు. చిన్నపిల్లలు గల కుటుంబములను వెళ్లగొట్టరను నియమము తెలిసి, తామంతా ఒకే కుటుంబమని నటింతురు. ఇల్లాలు అన్నా వారికి అన్నము పెట్టును. భర్త ఫ్రాంజ్ మొదట అయిష్టుడే, క్రమముగా వారి పక్షము వహించును. గ్రామస్థులలో క్రూరులెవరూ లేరు. భయపడువారు, చట్టమునకు తలవంచువారు కలరు. చిత్రమునకు బలము ఇక్కడే ఉన్నది. చివరకు వారిలో అధికులను తిరిగి సరిహద్దు దాటింతురు.

తటస్థ దేశమని గర్వించు స్విస్ ప్రజలకు ఇది చేదుగానే తోచినది. బెర్లిన్ ఉత్సవములో వెండి ఎలుగుబంటి పురస్కారము లభించినది. ఉత్తమ విదేశీ భాషా చిత్రముగా ఆస్కారునకు నామినేషను పొందినను, హంగేరీ చిత్రము 'మెఫిస్టో' ఆ బహుమతి గెలిచినది. 1995లో స్విస్ అధ్యక్షుడు కాస్పర్ విల్లిగర్ నాటి విధానమునకు క్షమాపణ చెప్పెను.

పిదప 'ది రైజె' (1986), 'డేర్ బెర్గ్' (1990) వంటి కథాచిత్రములు తీసినను, 2012లో తేనెటీగల మరణములపై తీసిన 'మోర్ దాన్ హనీ' డాక్యుమెంటరీయే మరల పేరు తెచ్చినది. ఇమ్‌హోఫ్ తాత తేనెటీగలు పెంచినవారు. కాలిఫోర్నియా బాదం తోటలలో లారీలపై తిరుగు తేనెపెట్టెలు, చైనాలో మనుషులే చేతితో పువ్వులకు పుప్పొడి అద్దు దృశ్యములు రైతు కుటుంబములు తప్పక చూడవలసినవి.

2018 నాటి 'ఎల్డొరాడో'లో ఆయన మరల శరణార్థుల వద్దకే వచ్చిరి. ఆయన బాల్యములో, యుద్ధము ముగియు తరుణమున, ఆ ఇంట జొవాన్నా అను ఇటలీ బాలికకు ఆశ్రయమిచ్చిరి. ఆమెను తిరిగి పంపివేయవలసి వచ్చినది. పసితనము వీడక మునుపే ఆమె మరణించినది. మధ్యధరా సముద్రములో ఇటలీ నౌకాదళము కాపాడిన ఆఫ్రికా వాసుల దృశ్యముల నడుమ, ఆ బాలికతో నడిచిన ఉత్తరములను ఆయన ఈ చిత్రములో వినిపించిరి.