ఓటు కోసం యుద్ధమా? బోయర్ యుద్ధం వెనక బంగారం లెక్క

పోయిన ఎపిసోడ్‌లో గాంధీగారు దక్షిణాఫ్రికాలో గాయపడ్డ సైనికుల్ని స్ట్రెచర్ మీద మోసిన సంగతి చెప్పుకున్నాం కదా. అది విన్న మా సైటు తమ్ముడు ఒకడు టీ బ్రేక్‌లో పట్టుకున్నాడు నన్ను. "అన్నా, అసలు ఆ యుద్ధం ఎందుకొచ్చింది? ఇంగ్లీషోళ్లు, బోయర్లు ఇద్దరూ తెల్లోళ్లే గదా?"

"బంగారం కోసం" అన్నాను. ఎవరైనా అదే చెప్తారు.

"ఆ గనులు ఎవరివి మరి?"

"ఎక్కువ ఇంగ్లీషు కంపెనీలవే."

"అంటే వాళ్ల గనుల కోసం వాళ్లే యుద్ధం చేసుడేంది అన్నా?"

టీ చల్లారిపోయింది కానీ నా దగ్గర జవాబు లేదు. అప్పటి నుంచి శుక్రవారాలు కూర్చుని చదివాను. ఎపిసోడ్‌లో పట్టనిది ఇక్కడ రాస్తున్నా.

ముందు బోయర్లు ఎవరో రెండు ముక్కల్లో. కేప్ తీరంలో ఎప్పుడో స్థిరపడ్డ డచ్చి రైతుల సంతతి. కేప్ బ్రిటిష్ వాళ్ల చేతికి వచ్చాక చాలామంది 1830ల్లో ఎడ్లబండ్లు కట్టుకుని లోపలి దేశానికి పోయి, అక్కడి ఆఫ్రికన్ల భూములు ఆక్రమించి ట్రాన్స్‌వాల్, ఆరెంజ్ ఫ్రీ స్టేట్ అని రెండు రిపబ్లిక్కులు పెట్టుకున్నారు. 1877లో బ్రిటన్ ట్రాన్స్‌వాల్‌ని కలిపేసుకుంది. బోయర్లు తిరగబడి 1881లో మజూబా కొండ మీద బ్రిటిష్ సైన్యాన్ని ఓడించి తమ దేశం తాము తిరిగి తీసుకున్నారు. అప్పటికి అది అప్పుల్లో ఉన్న పశువుల కాపరుల రాజ్యం. లండన్ కూడా పోతే పోనీ అనుకుంది.

1886లో విట్‌వాటర్స్‌రాండ్ అనే గుట్టల వరసలో బంగారం బయటపడింది. జోహానెస్‌బర్గ్ అదే ఏడు పుట్టిన ఊరు. 1898 నాటికి ప్రపంచంలో తవ్వే బంగారంలో నాలుగో వంతుకు పైగా ఆ ఒక్క ట్రాన్స్‌వాల్ నుంచే వచ్చేది. అప్పులున్న రైతుల రాజ్యం పన్నెండేళ్లలో ఆ ప్రాంతంలో అందరికన్నా డబ్బున్న రాజ్యం అయ్యింది.

ఇక్కడ కొంచెం ఆగాలి. నేను కాంట్రాక్టు పనుల్లో ఉన్నవాణ్ణి కాబట్టి నాకు ఇది తొందరగా అర్థమైంది. రాండ్ బంగారం ఏటి ఇసకలో ఏరుకునే బంగారం కాదు. గట్టి రాయిలో కంటికి కనపడకుండా కలిసి ఉంటుంది. ఒక టన్ను రాయి పిండి చేస్తే వచ్చేది సుమారు తులం, తులంన్నర. కానీ ఆ రాయి మైళ్ల పొడవునా, కిందికి పోయేకొద్దీ ఉంటూనే ఉంది. వందల మీటర్ల లోతుకు షాఫ్టులు దింపాలి, పంపులు పెట్టాలి, రాయి పేల్చాలి, నలగ్గొట్టాలి, సైనైడు నీళ్లతో బంగారాన్ని విడదీయాలి. కోట్లు పెట్టగల కంపెనీలే ఆ పని చేయగలవు.

అమ్మే రేటు మాత్రం కంపెనీ చేతిలో లేదు. బంగారమే అప్పటి ప్రపంచానికి డబ్బు. శుద్ధ బంగారం ఔన్సు సుమారు 85 షిల్లింగులు, అది మారదు. ఖర్చు పెరిగిందని రేటు పెంచుకునే దారి లేదు. లంప్‌సమ్ కాంట్రాక్టు తీసుకున్నవాడి పరిస్థితి ఎట్లుంటుందో మనకు తెలుసు కదా. బిల్లు పెరగనప్పుడు లాభం మిగలాలంటే ఖర్చులోనే కోయాలి. ఖర్చులో ముందు కోసేది ఎక్కడో ఇది చదువుతున్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

గని యజమానుల ఫిర్యాదులన్నీ ఆ ఖర్చు చుట్టూనే తిరిగేవి. డైనమైట్ అమ్మే హక్కుని క్రూగర్ ప్రభుత్వం ఒక్కరికే గుత్తకు ఇచ్చింది, రేటు మండిపోయేది. రైల్వే కూడా గుత్తే, డచ్చి కంపెనీది. అన్నిటికన్నా పెద్ద ఫిర్యాదు కూలీల మీద.

1899 నాటికి ఆ గనుల్లో దాదాపు లక్ష మంది ఆఫ్రికన్లు పనిచేసేవాళ్లు. వాళ్లలో ఎక్కువమంది ఆ దేశంవాళ్లు కూడా కాదు, పక్కనే పోర్చుగీసు వాళ్ల పాలనలో ఉన్న మొజాంబిక్ నుంచి వచ్చినవాళ్లు. ఏజెంటు, కాంట్రాక్టు, కాంపౌండులో బస, ఎటు పోవాలన్నా చేతిలో పాసు. 1890లలో గనుల సంఘం కలిసికట్టుగా వాళ్ల జీతాలు తగ్గించింది. కంపెనీలు పోటీ పడి జీతం పెంచకుండా ఉండటానికి కూలీల్ని తెచ్చే ఏజెన్సీని కూడా తామే పెట్టుకున్నాయి. జీతాలు తగ్గించాక కూలీలు పారిపోవడం మొదలైంది. అప్పుడు యజమానులు ప్రభుత్వం మీద పడ్డారు. పాసు చట్టం గట్టిగా అమలు చెయ్యండి, పారిపోయినవాణ్ణి పట్టి తెండి, సారా ఆపండి, తాగి పనికి రావడం లేదు అని. ప్రభుత్వం చట్టాలు రాసింది, అమలు మాత్రం అంతంతే. అది రైతుల ప్రభుత్వం. ఆ సారా కాచేది రైతులు పండించిన ధాన్యంతోనే.

తమ్ముడి ప్రశ్నకు సగం జవాబు ఇది. గనులు వాళ్లవే, గవర్నమెంటు వాళ్లది కాదు.

సగమే అని ఎందుకన్నానంటే, గని యజమానులందరూ యుద్ధం కావాలనుకోలేదు. యుద్ధమొస్తే గనులు మూతపడతాయని వాళ్లకు తెలుసు. చాలామంది క్రూగర్‌తో బేరం కుదిరితే చాలనుకున్నారు. 1899లో 'మాంచెస్టర్ గార్డియన్' తరఫున అక్కడికి వెళ్లిన హాబ్సన్ అనే విలేకరి ఇదంతా కొద్దిమంది పెట్టుబడిదారుల కుట్రేనని రాశాడు. తర్వాతి చరిత్రకారుల్లో చాలామంది అంత తేలిగ్గా ఒప్పుకోరు. నాకూ హాబ్సన్ లెక్క మరీ సాఫీగా ఉందనిపిస్తుంది. లండన్‌కి తన సొంత భయం ఒకటి ఉంది. డబ్బున్న క్రూగర్ రాజ్యం చుట్టూ కేప్, నటాల్ కాలనీలు తిరగడం మొదలుపెడితే, రేపు దక్షిణాఫ్రికా అంతా బోయర్ల జెండా కిందికి పోతుంది. 1895లో ప్రిటోరియా నుంచి పోర్చుగీసు రేవు డెలగోవా బేకి రైలు నడవడం మొదలైంది. అంటే క్రూగర్‌కి సముద్రానికి పోవడానికి బ్రిటిష్ రేవులతో పని లేదు. జర్మనీతో స్నేహం కూడా కలుపుతున్నాడు. ఇండియాకి పోయే ఓడల దారుల్లో ఒకటి కేప్ మీదుగా. గనివాళ్ల లెక్కా, లండన్ భయమూ ఒకే చోటికి వచ్చాయి: ప్రిటోరియాలో ప్రభుత్వం మారాలి.

మొదట దొడ్డిదారిన ప్రయత్నించారు. అప్పటి కేప్ ప్రధాని సెసిల్ రోడ్స్‌కి రాండ్‌లో పెద్ద గని వాటాలున్నాయి. జోహానెస్‌బర్గ్‌లో ఉన్న విదేశీయులు తిరగబడతారు, వాళ్లను కాపాడే పేరుతో సరిహద్దు నుంచి జేమ్సన్ అనే మనిషి దళంతో దూకుతాడు, ఇదీ ప్లాను. "ఆడవాళ్లు, పిల్లలు ప్రమాదంలో ఉన్నారు, రండి" అనే ఉత్తరాన్ని వారాల ముందే రాయించి, తేదీ వేయకుండా జేబులో పెట్టుకున్నాడు జేమ్సన్. (ఖాళీ కాగితం మీద సంతకం పెట్టించుకునే ఏజెంట్లు గుర్తొచ్చారు నాకు.) 1895 డిసెంబరు 29న అయిదారు వందల మందితో బయల్దేరాడు. జోహానెస్‌బర్గ్‌లో తిరుగుబాటు రాలేదు. జనవరి 2న డూర్న్‌కాప్ దగ్గర చేతులెత్తేశాడు. రోడ్స్ ప్రధాని పదవి పోయింది. జర్మనీ చక్రవర్తి క్రూగర్‌కి అభినందన టెలిగ్రాం కొట్టాడు, బ్రిటన్‌లో జనం మండిపడ్డారు. క్రూగర్ తుపాకులు కొనడం మొదలుపెట్టాడు.

దొడ్డిదారి మూసుకుపోయాక ముందు తలుపు తట్టారు. ఆ తలుపు పేరు ఓటు.

గనుల కోసం వచ్చిన తెల్ల విదేశీయుల్ని బోయర్లు ఔట్‌లాండర్లు అనేవాళ్లు, అంటే బయటివాళ్లు. ఇంజనీర్లు, మిస్త్రీలు, షాపులవాళ్లు, గుమాస్తాలు. పన్నుల్లో పెద్ద భాగం గనుల నుంచే వచ్చేది. కానీ 1890 చట్టంతో అధ్యక్షుడికి, అసలు పార్లమెంటుకి ఓటు వెయ్యాలంటే 14 ఏళ్లు ఉండాలన్నారు. వాళ్ల కోపం అబద్ధం కాదు. పన్ను కట్టే ఊళ్లో మాట చెల్లకపోతే ఎట్లుంటుందో ఎవరికైనా తెలుసు. క్రూగర్ భయం కూడా అబద్ధం కాదు. నిన్నకాక మొన్న వచ్చినవాళ్లు ఓటేసి దేశాన్ని బ్రిటన్ చేతిలో పెడితే? జేమ్సన్ దాడి చూశాక ఆ మాట తప్పని ఎవరంటారు.

కేప్‌లో బ్రిటిష్ హైకమిషనర్ ఆల్ఫ్రెడ్ మిల్నర్. 1899 మేలో లండన్‌కి పంపిన రిపోర్టులో, వేలమంది బ్రిటిష్ ప్రజలు అక్కడ బానిసల స్థితిలో ఉన్నారని రాశాడు. ఆ నెలాఖరున బ్లూమ్‌ఫోంటైన్‌లో క్రూగర్, మిల్నర్ ఎదురెదురుగా కూర్చున్నారు. మిల్నర్ అయిదేళ్లకు ఓటు అడిగాడు, క్రూగర్ ఏడేళ్లన్నాడు. మధ్యలో రెండేళ్లు. మామూలు బేరమైతే ఆరు దగ్గర ముగియాలి. మిల్నర్ చర్చలు తెంపేసి లేచాడు.

ఆగస్టులో క్రూగర్ ప్రభుత్వం ఇంకా దిగింది. అడిగిన అయిదేళ్లే ఇస్తాం, ఇకముందు మా లోపలి వ్యవహారాల్లో వేలు పెట్టొద్దు, మా మీద పెత్తనం ఉందనే వాదన వదిలేయండి అంది. ఓటే కావాల్సి ఉంటే సంతకం పెట్టాల్సిన రోజు అది. లండన్ ఓటు తీసుకుంటానంది, షరతులు ఒప్పుకోనంది. సెప్టెంబరు 8న పదివేల సైన్యం అదనంగా పంపాలని బ్రిటిష్ క్యాబినెట్ తీర్మానించింది. అందులో చాలా భాగం ఇండియాలో ఉన్న బ్రిటిష్ పటాలాలే.

ఆ సైన్యం దిగకముందే కొట్టాలని బోయర్లు అక్టోబరు 9న అల్టిమేటం ఇచ్చి 11న యుద్ధం మొదలుపెట్టారు. మొదటి తుపాకీ వాళ్లదే, అది దాచక్కర్లేదు. రెండున్నరేళ్లు సాగింది. బ్రిటిష్ సైనికులు సుమారు 22,000 మంది పోయారు. పొలాలు తగలబెట్టి బోయర్ల ఆడవాళ్లను, పిల్లల్ని నిర్బంధ శిబిరాల్లో పెడితే అక్కడ దాదాపు 28,000 మంది చనిపోయారు, ఎక్కువమంది పిల్లలే. ఆఫ్రికన్లకు వేరే శిబిరాలు. వాటిలో పోయినవాళ్లను సరిగా లెక్క కూడా పెట్టలేదు, 14,000కి తక్కువ కాదంటారు.

ఇక మనవాళ్ల సంగతి. ట్రాన్స్‌వాల్‌లో 1885 నుంచి ఇండియన్లకు పౌరసత్వం లేదు, వేరే పేటల్లోనే ఉండాలి, వ్యాపారం కోసం వచ్చి ఉంటే 3 పౌన్లు కట్టి పేరు రాయించుకోవాలి. యుద్ధం మొదలయ్యాక బ్రిటిష్ యుద్ధ మంత్రి లాన్స్‌డౌన్, ఒకప్పటి మన వైస్రాయి, బోయర్ల తప్పుల్లో తనకు అన్నిటికన్నా కోపం తెప్పించింది ఇండియన్లను చూసిన తీరేనని సభలో చెప్పాడు. పక్కనే బ్రిటిష్ జెండా కింద ఉన్న నటాల్ సంగతి ఎత్తలేదు. గడువు తీరాక ఊరికి పోకుండా ఉండిపోయే గిర్మిట్ కూలీ మీద ఏడాదికి 3 పౌన్ల పన్ను వేస్తూ అక్కడ 1895లోనే చట్టం చేశారు. 1860 నుంచి 1911 దాకా నటాల్ చెరుకు తోటలకు వెళ్లిన లక్షన్నర మందిలో ఎక్కువమంది మద్రాసు రేవు నుంచి ఓడెక్కినవాళ్లు, తమిళులు, తెలుగువాళ్లు. ఇవాళ డర్బన్‌లో కనిపించే నాయుడు, రెడ్డి పేర్లు అక్కడి నుంచి వచ్చినవే.

గాంధీగారి అంబులెన్స్ దళంలో సుమారు 1,100 మంది. అందులో 800 దాకా ఆ గిర్మిట్ కూలీలే, తోటల యజమానులు పంపితే వచ్చారు. యుద్ధం అయ్యాక దళ నాయకులకు పతకాలు వచ్చాయి. కూలీలు తిరిగి తోటలకే పోయారు.

1902 మే 31న సంధి కుదిరింది. ఆఫ్రికన్ల ఓటు సంగతి స్వపరిపాలన వచ్చాకే ఆలోచిద్దామని అందులోనే రాసుకున్నారు. కొత్త పాలకుడు మిల్నర్. పాసు చట్టాలు పోలేదు, వాటిని నడిపే ఆఫీసులు ఇంకా పకడ్బందీ అయ్యాయి. గనుల్లో ఆఫ్రికన్ల జీతం యుద్ధానికి ముందున్న దానికన్నా తగ్గించారు. ఆ జీతానికి చాలినంతమంది రాకపోయేసరికి 1904 నుంచి చైనా నుంచి 60,000 మందికి పైగా కాంట్రాక్టు కూలీల్ని దింపారు. ఔట్‌లాండర్ల ఓటు? ట్రాన్స్‌వాల్‌లో మళ్లీ ఎన్నిక జరిగింది 1907లో. అయిదేళ్లా ఏడేళ్లా అని యుద్ధం దాకా పోయినవాళ్లు, సంధి అయ్యాక అయిదేళ్ల దాకా ఎవరికీ ఓటు లేకుండా నామినేటెడ్ కౌన్సిల్‌తో నడిపారు.

మన 3 పౌన్ల పన్ను 1914 దాకా పోలేదు. ట్రాన్స్‌వాల్‌లో అయితే 1906లో ఇండియన్లు మళ్లీ పేర్లు రాయించుకుని వేలిముద్రలు వెయ్యాలని ఆర్డినెన్సు తెచ్చారు. గొడవ పెద్దదయ్యేసరికి లండన్ ఆమోదం ఇవ్వలేదు. మరుసటి ఏడు స్వపరిపాలన వచ్చింది. ఎన్నికైన కొత్త పార్లమెంటు దాదాపు అదే చట్టాన్ని మార్చిలో మళ్లీ పాస్ చేసింది, ఈసారి లండన్ సరేనంది. ఆ ప్రభుత్వానికి ప్రధాని లూయీ బోథా, యుద్ధంలో బ్రిటిష్ వాళ్ల మీద పోరాడిన బోయర్ జనరల్.