అరగకుండా తరిగేవి

సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ల బజారులో పాత ల్యాప్‌టాప్ బేరం చేస్తుంటే "దీని రేటు అరిగిపోయింది సార్" అన్నాడో కుర్రాడు. అరిగేది వస్తువు: కీబోర్డు మీద చెరిగిపోయిన అక్షరం, వదులైన మడతబందు, గంటకే చేతులెత్తేసే బ్యాటరీ. ధర తరుగుతుంది. 'తరుగు' అచ్చ తెలుగు మాట. కోయడమనే అర్థంలో తమిళ, కన్నడాల్లోని 'తరి'కి చుట్టం. బెండకాయలు తరిగినా, తరగని సిరి అన్నా ఇదే. కంసాలి బంగారానికి తరుగు కడతాడు. మిల్లరు ధాన్యంలో తరుగు తీస్తాడు; ఆ మాట వింటేనే రైతు కడుపు మండుతుంది, న్యాయంగానే. పద్దుల్లోకెక్కి 'తరుగుదల' అయింది. ఆదాయపు పన్ను లెక్కలో కంప్యూటర్‌కి ఏటా 40 శాతం, 2017 ఏప్రిల్‌కి ముందు 60. వ్యాపారానికి కొన్న 50,000 రూపాయల యంత్రం పుస్తకంలో ఏడాదికి 30,000, రెండేళ్లకి 18,000. బజారు ఆ లెక్కా చూడదు. 2025 అక్టోబరులో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత భద్రతా అప్‌డేట్లు సాధారణంగా ఆపేయడంతో, విండోస్ 11 ఎక్కని యంత్రాలు కీబోర్డు మెరుస్తున్నా విలువ తరిగిపోయాయి. వాటిని 'అరిగిన సరుకు' అనడం అన్యాయం.