గూడుబండిగా మారిన జీపు ట్రైలరు

గూడుబండి అన్న మాట ఇప్పటి పిల్లలకు తెలియకపోవచ్చు. ఎడ్లబండి మీద వెదురుబద్దలు వంచి, తడికెతో గూడు కట్టి, లోపల గడ్డి పరిచి, దాని మీద బొంత వేసి, తీర్థాలకూ పెళ్ళిళ్ళకూ తరలివెళ్ళిన రోజుల మాట అది. నిన్నటిదాకా పెంటా ధాన్యమూ మోసిన బండే ఆ నాలుగు రోజులూ ఇల్లయ్యేది. పని తీరగానే గూడు విప్పేవారు. అమెరికాలో సైన్యం వదిలించుకున్న చిన్న ట్రైలర్లను వేలంలో కొని, అడవుల్లో విడిది చేయడానికి అనువుగా మలచుకునేవారిని చూసినప్పుడు నాకు స్ఫురించింది ఈ మాటే. అయితే ఆ ట్రైలరు పుట్టుక వెనుక ఒక అన్యాయపు కథ ఉంది. ముందు అది చెప్పాలి.

1940 వేసవిలో ఫ్రాన్సు పతనమైంది. గుర్రానికి బదులుగా వాడుకోదగిన తేలికపాటి వాహనం అమెరికా సైన్యానికి అత్యవసరమయింది. ఆ జూలైలో 135 కంపెనీలకు ఆహ్వానాలు పంపితే బదులిచ్చినవి రెండే. అందులో 49 రోజుల్లో నమూనా బండిని అప్పగిస్తామని ఒప్పుకున్నది పెన్సిల్వేనియాలోని బట్లర్ పట్టణానికి చెందిన అమెరికన్ బాంటమ్ కంపెనీ ఒక్కటే. అప్పటికి ఆ కంపెనీ ఆర్థికంగా చితికిపోయి ఉంది. కార్ల్ ప్రాబ్స్ట్ అనే ఇంజనీరు కొద్ది రోజుల్లోనే నక్షలు గీసి ఇచ్చాడు. సెప్టెంబరు 23న, గడువు ముగియవస్తుండగా, ఆ బండి మేరీలాండులోని హోలబర్డ్ సైనిక శిబిరానికి చేరింది. మనం జీపు అని పిలుచుకునే వాహనానికి అదే మూలం.

సైన్యానికి బండి నచ్చింది, బాంటమ్ సత్తువ మీద మాత్రం నమ్మకం కుదరలేదు. ఆ నమూనాను, నక్షలను విల్లీస్, ఫోర్డ్ కంపెనీలవారికి చూపించారు. చివరకు పెద్ద ఒప్పందాలన్నీ ఆ ఇద్దరికే దక్కాయి. యుద్ధం ముగిసేసరికి వాళ్ళిద్దరూ కలిసి 6 లక్షలకు పైగా జీపులు తయారుచేశారు. బాంటమ్ చేసినవి 3 వేలలోపే. బిడ్డను కన్నది ఒకరు, బారసాల జరుపుకున్నది మరొకరు! జీపును సృష్టించింది తామేనని విల్లీస్ ప్రకటించుకోరాదని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1948లో తీర్పు చెప్పింది గాని, అప్పటికి యుద్ధమూ ముగిసింది, లాభాలూ పంచుకోవడం అయిపోయింది. మరి బాంటమ్‌కు దక్కిందేమిటి? తాను కన్న జీపు వెనకాల తగిలించే పావుటన్ను ట్రైలరు! విల్లీస్ కూడా అటువంటి ట్రైలరును చేసింది గాని, బాంటమ్‌కు యుద్ధకాలంలో ముఖ్యమైన జీవనాధారాల్లో అదొకటి. యుద్ధం తరువాత కూడా ట్రైలర్లు చేసుకుంటూ బతికిన ఆ కంపెనీ 1956లో మరొకరి చేతుల్లోకి పోయింది.

చూడడానికి అది రెండు చక్రాల ఇనుపతొట్టి, అంతే. కాని చేసినవారి బుద్ధి ప్రతి అంగుళంలోనూ కనబడుతుంది. జీపు చక్రాలూ ట్రైలరు చక్రాలూ ఒకే కొలతవి కాబట్టి, అదనపు చక్రం ఒక్కటి ఉంటే రెంటికీ సరిపోతుంది. తొట్టిలోకి నీరు చొరబడదు. ఏరు అడ్డం వస్తే పడవలాగా తేలుతుంది. లోపల పడ్డ వాననీరు పోవడానికి అడుగున బిరడాలున్నాయి. దారి లేని చోట మోయవలసిన బరువు 500 పౌన్లు, అంటే మన లెక్కలో రెండు బస్తాల పైచిలుకు. 1950లలో ఎం100, 1960లలో ఎం416 అని పేర్లు మారినా ఆ తొట్టి రూపం పెద్దగా మారలేదు.

యుద్ధం ముగిశాక కొండల్లా మిగిలిన సామగ్రిని ఏం చేయాలన్న ప్రశ్న ముందే వచ్చింది. అందుకోసం 1944లోనే మిగులు ఆస్తుల చట్టం చేశారు. 1946 నుండి 1949 దాకా వార్ అసెట్స్ అడ్మినిస్ట్రేషన్ అనే సంస్థ అమ్మకాలు సాగించింది. యుద్ధం నుండి తిరిగివచ్చిన కుర్రాళ్ళ చేతికి పనిముట్లొచ్చాయి, తిరగాలన్న కోరికా ఉంది. సొంతంగా చిన్న విడిది బండి చేసుకునేందుకు 1947 సెప్టెంబరులో మెకానిక్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక నక్షలు ప్రచురించింది. ఫిలిప్పీన్సులో అమెరికన్లు వదిలివెళ్ళిన జీపులే రంగులు పూసుకుని జీప్నీలై జనాన్ని మోశాయి.

ఈ కథలో నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచిన మలుపు ఇంకొకటి ఉంది. ఎం416 ట్రైలరును లాగిన జీపు పేరు ఎం151. దాని వెనుక చక్రాల అమరిక వల్ల మలుపుల్లో బోల్తాపడే ప్రమాదం ఎక్కువ. అందుచేత పౌరులకు అది తగదని తీర్మానించి, సైన్యం ఆ జీపులను ముక్కలుగా కోయించి తుక్కుగా అమ్మింది. ట్రైలరుకు ఆ దోషం లేదు కనుక దాన్ని ఉన్నదున్నట్లే వేలం వేసింది. ముందు నడిచినది ముక్కలైంది, వెనుక నడిచినది బతికి బట్టకట్టింది.

దాన్ని విడిది బండిగా మార్చడమంటే రంగు పూయడం కాదు. సైనిక ట్రైలరు దీపాలు 24 వోల్టులవి, పౌర వాహనాలవి 12 వోల్టులవి, కాబట్టి బల్బులూ తీగలూ మార్చాలి. నొగ చివర ఉన్న ఇనుప కడియం మామూలు కారు కొక్కేనికి కుదరదు, దాన్ని విప్పి గుండును పట్టుకునే గిన్నె బిగించాలి, తోడుగా గొలుసులుండాలి. కమానుకట్టలు బరువుకోసం చేసినవి గనుక ఖాళీ బండి గంతులు వేస్తుంది. పైన డేరా, లోపల నీళ్ళ పీపా, పొయ్యి చేరాక గాని అది కుదురుకోదు. మొత్తం బరువులో పదోవంతుకు తగ్గకుండా నొగ మీద పడాలి. వెనుక బరువెక్కువైతే బండి తోక ఊపుతుంది. ఎడ్లబండి తోలిన మన పెద్దలకు ఈ సూత్రం ఎవరూ నేర్పనక్కరలేదు. బరువు ముందుకు వాలితే కాడి ఎడ్ల మెడలు కోస్తుందనీ, వెనక్కు వాలితే నొగ పైకి లేస్తుందనీ వాళ్ళకు తెలుసు.

ఒక మిత్రుడు ఎం416ను ఇలా మలచుకుంటుంటే కొన్ని వారాంతాలు నేనూ పక్కనుండి పానాలందించాను. వంటసామాను అందుకోవడానికి వీలుగా తొట్టి పక్కగోడను కోసి తలుపు పెట్టాలా, వద్దా అన్న దగ్గర పని ఆగిపోయింది. కోస్తే సుఖం, కాని ఏరు దాటగల ఆ తొట్టి గుణం అక్కడితో సరి. పాత సైనిక వాహనాలను యథాతథంగా కాపాడాలనేవారికి ఆ కోత చరిత్రకు చేసిన గాయం. వాడనివ్వకుండా షెడ్డులో దాచడమే దానికి అవమానమని రెండో పక్షం వాదన. నాకు ఇద్దరి మాటా సబబే అనిపించింది. చివరికి మావాడు తొట్టిని కోయలేదు. చెక్కపెట్టె ఒకటి విడిగా చేసి, బోల్టులతో పైన కూర్చోబెట్టాడు. రేపు ఎవరైనా విప్పదలిస్తే సాయంత్రంలోగా పాత ట్రైలరు బయటపడుతుంది. తెలియకుండానే అతడు మన గూడుబండి పద్ధతినే పాటించాడు!

మనకు జీపు కొత్త కాదు. 1947లో మహీంద్రావారు విల్లీస్ జీపులను బిగించడం మొదలుపెట్టారు. 1952లో సమాజ వికాస పథకం వచ్చాక అధికారుల జీపు పల్లెల్లో సర్కారుకు మారుపేరైంది. మా చిన్నప్పుడు సమితి ఆఫీసు వెనుక తుమ్మచెట్టు కింద ఒక జీపు ట్రైలరు తుప్పుపడుతుండేది, అందులో కోళ్ళు గుడ్లు పెట్టేవి. పాత బండిని ఇల్లుగా మార్చి ఊరూరా తిరగడమూ మనం చూసినదే. 1982లో ఎన్.టి. రామారావు పాత షెవ్రొలే వ్యానును చైతన్యరథంగా మార్పించి, హరికృష్ణ తోలగా రాష్ట్రమంతా తిరిగారు. 1983 జనవరి ఎన్నికల ఫలితం అందరికీ తెలిసినదే.

చరిత్ర పుస్తకాలు జీపును తలుచుకుంటాయి, జీపు వెనుక నడిచినదాన్ని తలుచుకోవు. యుద్ధభూమిలో మందుగుండు మోయడానికి పుట్టిన తొట్టిలో ఇవాళ పిల్లల దుప్పట్లూ, పప్పూ ఉప్పూ కాపురముంటున్నాయంటే, బట్లర్ పట్టణపు కార్మికుల చెమటకు ఆలస్యంగానైనా ఒక గౌరవం దక్కినట్లే. మన ఊళ్ళలో జీపు ట్రైలర్లు చివరికేమయ్యాయో, ఎవరి పొలం గట్టున ఏ రూపంలో ఉన్నాయో తెలిసినవారు చెబితే వినాలని ఉంది.